అణా చందా, ధరావతు సొమ్ము

నిజాము రాజ్యమున నుండినంతకాలము నల్లగొండ మండలపు సామాన్యునకు ఓటు లేదు. 1939లో ప్రకటింపబడిన సంస్కరణలు వృత్తులవారీగా సీట్లు పంచిపెట్టినవేగాని, వయోజనులందరికిని ఓటు అను మాటయే వానిలో కానరాదు. అట్టిచోట ప్రజలు రాజకీయములలోనికి ఎట్లు వచ్చిరి? ఓటుపెట్టె ద్వారమున కాదు. చందా రసీదు ద్వారమున వచ్చిరి.

1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను ప్రారంభమైన ఆంధ్రమహాసభ తొలినాళ్లలో చదువుకొన్నవారి సభ. గ్రంథాలయములు, పాఠశాలలు, వెట్టిచాకిరి నిషేధము మొదలగువానిపై తీర్మానములు జరిగినవి, అవి మంచివే. కాని వెట్టి చేయువాడు ఆ సభలో కూర్చుండలేదు. 1941లో కోదాడకు చేరువనున్న చిలుకూరున రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైన మహాసభతో గాలి మారజొచ్చెను. 1944లో భువనగిరి మహాసభకును ఆయనయే అధ్యక్షులు. సభ్యత్వపు రుసుము అణాకు తగ్గింపబడినది ఈ కాలముననే. మితవాదులు వేరైపోయిరి, పల్లెలు లోనికి వచ్చినవి. గ్రామస్థులు దానిని మహాసభ యనక "సంగము" అనిరి. అణా యిచ్చి చీటి పుచ్చుకొన్న పాలేరు తానును ఒక సభకు సభ్యుడనని తొలిసారి యెరిగెను. అక్షరము రానివానికి ఆ చీటి యెందుకని నవ్వినవారుండవచ్చును. దొర గడియెదుట నిలిచి వెట్టికి రానని చెప్పుటకు కావలసిన ధైర్యము వానికి ఆ చీటియే యిచ్చినది.

ఆ తరువాతి సాయుధపోరాటపు కథ పాఠకులెరిగినదే. 1948 సెప్టెంబరులో నిజాము రాజ్యము కూలినది; 1951 అక్టోబరులో కమ్యూనిస్టులు పోరాటమును విరమించిరి. కొలది నెలలకే సార్వత్రిక ఎన్నికలు వచ్చినవి. హైదరాబాదు రాష్ట్రమున ఆ పార్టీపై నిషేధముండుటచే వారు ప్రజాస్వామిక ఫ్రంటు అను పేర పోటీచేసిరి.

నాటి ఓటింగు విధానమును నేటివారికి కొంత విశదపరుపవలెను. పేర్లున్న పత్రముపై ముద్రవేయుట నాడు లేదు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, పెట్టెమీద గుర్తు. ఓటరు మరుగునకు పోయి, తనకు నచ్చిన గుర్తుగల పెట్టెలో కాగితము వేసి వచ్చును. చదువురాని దేశమునకు తగిన ఏర్పాటని నా అభిప్రాయము. నల్లగొండ లోక్‌సభ స్థానము ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము షెడ్యూల్డు కులములవారికి ప్రత్యేకింపబడినది, ప్రతి ఓటరునకు రెండు ఓట్లు. రావి నారాయణరెడ్డిగారికి 3,09,162 ఓట్లు వచ్చినవి. అవే ఎన్నికలలో పండిత నెహ్రూగారికి వచ్చినవి 2,33,571. నెహ్రూగారి స్థానమును ద్విసభ్య స్థానమే కావున ఈ పోలిక అన్యాయము కాదు. రెండవ స్థానమున సుంకం అచ్చాలుగారు నెగ్గిరి. సూర్యాపేటనుండి శాసనసభకు ఎన్నికైన బొమ్మగాని ధర్మభిక్షముగారు అదే పట్టణమున విద్యార్థి వసతిగృహము నడపినవారు. ఆలేరునుండి ఆరుట్ల కమలాదేవిగారు గెలిచిరి. ఉత్తరదేశమున లక్షలకొలది స్త్రీలు తమ పేరు చెప్పుటకు జంకి, ఫలానివాని భార్యనని మాత్రమే వ్రాయించుకొని ఓటరుల పట్టికనుండి తొలగింపబడిన ఎన్నికలివియే యని గుర్తుంచుకొన్నచో, ఆలేరు గెలుపు విలువ మన గృహిణులకు మరింత బోధపడును.

ద్విసభ్య స్థానములు 1961 నాటి చట్టముతో పోయినవి. ధర్మభిక్షముగారు మాత్రము దశాబ్దముల తరువాత నల్లగొండ చరిత్రలో మరల కనబడుదురు. 1991లోను, 1996లోను ఆయన నల్లగొండనుండి లోక్‌సభకు ఎన్నికైరి. ఆ రెండవ ఎన్నికయే విచిత్రమైనది.

నాగార్జునసాగరు ఎడమకాలువ మిర్యాలగూడ, కోదాడ పొలములను మాగాణి చేసినది. మునుగోడు, మర్రిగూడ మెట్టలకు ఆ నీరు ఎక్కలేదు. అచ్చటివారు త్రాగునది ఫ్లోరైడు కలిసిన బావినీరు; పండ్లు గారపట్టి, ఎముకలు వంగి, నడివయస్సుననే కర్రపట్టి నడచువారు ఊరూర నుండిరి. అర్జీలు వ్రాసి విసిగిన ఆ ప్రజలు, దుశర్ల సత్యనారాయణగారి జలసాధన సమితి ప్రేరణచే, 1996లో పెద్ద సంఖ్యలో తామే అభ్యర్థులుగా నామినేషనులు వేసిరి. బరిలో మిగిలినవారు 480 మంది! బ్యాలెట్టు పత్రము పుస్తకమైనది, పోలింగు వాయిదాపడినది. తుదకు 477 మంది ధరావతు కోల్పోయిరి. గెలుచుట వారి కోరిక కాదు గదా. తమ నీళ్ల గోడు ఢిల్లీకి వినబడవలె ననియే.

ఇంతమంది ఎట్లు నిలువగలిగిరి? లోక్‌సభ అభ్యర్థి కట్టవలసిన ధరావతు 1951 చట్టము నాటినుండి 500 రూపాయలే. తొలినాళ్లలో అది బీదరైతునకు అందని మొత్తము. నలువది అయిదేండ్లలో రూపాయి విలువ దిగజారుటచే, పదిమంది కూడబలుకుకొన్నచో ఒక నామినేషను వేయగలిగిరి. శాసనకర్తలు తెరువని ద్వారమును ధరల పెరుగుదల తెరచినది. ప్రభుత్వము వెంటనే మేల్కొనెను. అదే యేట తమిళనాడులోని మొడకురిచ్చి శాసనసభ స్థానమున 1,033 మంది నిలిచియుండుటచే నెపమును దొరికినది. 1996లోనే చట్టము సవరించి ధరావతును 10,000 చేసిరి. షెడ్యూల్డు కులములకు, తెగలకు అందు సగము. గుర్తింపులేని పార్టీలవారికిని, స్వతంత్రులకును పదిమంది ప్రతిపాదకులు కావలెననిరి.

పుస్తకమంత పత్రములో తన గుర్తు వెదకుకొను ముసలి ఓటరు కష్టము నేను కాదనను. పదిమంది సంతకము కావలెననుట న్యాయమే; ఊరిలో పదిమంది మెచ్చనివాడు పోటీకెందుకు? కాని ధరావతును ఇరువదిరెట్లు చేయుట అభ్యర్థికి గల ప్రజాబలమును కొలుచునా, సంచి బరువును కొలుచునా? వేళాకోళమునకు నిలుచు ధనికునకు పదివేలు లెక్కలేదు. ఫ్లోరైడు రోగికి అవి రెండు పంటల అప్పు. అణా చందాతో జనమును పిలిచిన సీమయందే పదివేల ధరావతు జనమును ఆపవచ్చుననుకొనిరి.

అయినను విశ్వాసము బలమైనచోట ఈ కంచె నిలువలేదు. 2009 సవరణచే ధరావతు 25,000 అయిన తరువాత, 2019లో నిజామాబాదున పసుపు బోర్డు కొరకు, గిట్టుబాటు ధర కొరకు 178 మంది రైతులు చందాలు వేసికొని నామినేషనులు వేసిరి. మొత్తము అభ్యర్థులు 185. ఒక్కొక్క పోలింగు కేంద్రమున పండ్రెండు బ్యాలెట్టు యూనిట్లు వరుసగా పేర్చవలసివచ్చెను. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాదున వెలసినది. 2008 పునర్విభజనతో మిర్యాలగూడ లోక్‌సభ స్థానము రద్దయి, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడును నల్లగొండ స్థానమున చేరినవి. మునుగోడు మాత్రము ఆ స్థానమున లేదు. అది భువనగిరి క్రిందికి పోయినది.