కొండ మీద మంట, పెరట్లో బూడిద

మే నెల పదకొండో తేదీకి అటూ ఇటూగా కృత్తికా కార్తె వస్తుంది. కృత్తికకు అధిదేవత అగ్ని. తమిళనాట స్థిరపడ్డ మనవాళ్ళు చుట్టుపక్కలవారితో పాటు ఆ రోజుల్ని అగ్ని నక్షత్రమనీ, కత్తిరి అనీ అంటారు. దాని వెనకే రోళ్ళు పగిలే రోహిణి. జూన్ ఎనిమిది ప్రాంతంలో మృగశిర వచ్చి తొలకరి పడేదాకా ఉన్న నాలుగు వారాలూ మన పంచాంగం నిప్పుకు రాసిచ్చినట్టే ఉంటాయి. పర్లాకిమిడిలో పుట్టి పెరిగిన నాకు ఆ నిప్పు రెండు చోట్ల తెలుసు. ఒకటి మహేంద్రగిరి వైపు కొండల మీద రాత్రిళ్ళు దండ గుచ్చినట్టు కనిపించే మంట. రెండోది మా వంటింటి పొయ్యిలోది. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం, అది తెగిన తీరు ఒక చరిత్ర. నేను చదువుకున్న చరిత్ర పుస్తకాల్లో మాత్రం అది లేదు.

ముందు ఇంటి సంగతి. నా చిన్నతనంలో, అంటే 1970ల చివర, మా వీధిలో తాటాకు ఇళ్ళే ఎక్కువ. వేసవి నిప్పుకు ఇంట్లో కట్టుబాట్లు ఉండేవి. పొయ్యి తెల్లవారకుండానే వెలగాలి, వడగాలి లేచేసరికి వంట ముగియాలి. నిప్పు పూర్తిగా ఆర్పేవారు కాదు. పిడక కణికను బూడిదలో కప్పెట్టేవారు. సాయంత్రం పక్కింటివాళ్ళు నిప్పుకు వస్తే చిప్పలో కణిక వేసి, పైన బూడిద చల్లి, “గాలికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని వెళ్ళమ్మా” అని చెప్పి మరీ ఇచ్చేది మా నాయనమ్మ. శివరాత్రి వెళ్ళగానే ఇంటికప్పు మీద ఎండిన గుమ్మడితీగల్ని లాగి పారేయడం, చూరు కింద రెండు కుండల నీళ్ళు నింపి ఉంచడం కూడా ఆ కట్టుబాట్లలోవే.

పెరడుకూ అదే లెక్క. నూతిలో నీరు అడుగంటిన రోజుల్లో స్నానాల నీళ్ళు అరటికీ, గిన్నెలు కడిగిన నీళ్ళు కరివేపాకుకూ పోయేవి. రోహిణిలో ఆనపకీ, బీరకీ, పొట్లకీ, గుమ్మడికీ పాదులు తవ్వి, పశువుల ఎరువూ పొయ్యి బూడిదా కలిపి పెట్టి ఉంచేవారు. వాన పడ్డాకే గింజ పెట్టేది. ఆ గింజ కూడా అంతవరకూ కుండలో బూడిద మధ్యనే దాగి ఉండేది. మొలిచాక పురుగు పట్టకుండా పొద్దుటే తడి ఆకుల మీద చల్లేదీ ఆ బూడిదే. ఏడాది పొడుగునా పొయ్యి తిన్న కట్టెల రుణం పెరడు తీర్చుకునేదన్నమాట.

కొండ మీద సవరలు చేసేదీ ఇదే పని, పెద్ద ఎత్తున. మాఘ ఫాల్గుణాల్లో వాలు మీద తుప్పలూ చెట్లూ నరికి, ఎండనిచ్చి, వేసవి చివర తగలబెట్టి, తొలకరికి ఆ బూడిదలో చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు కలిపి చల్లుతారు. దీన్నే పోడు అంటున్నాం. ఒడియాలో ‘పోడిబా’ అంటే కాల్చడం కాబట్టి ఆ మాట తమదంటారు మా ఒడియా మిత్రులు, మనం మనదంటాం. మాట ఎవరిదైనా పని వెనక శాస్త్రం ఒకటే. బూడిద పులుపెక్కిన కొండమట్టిని విరుస్తుంది, పంటకు పొటాష్ ఇస్తుంది. పొగలో నత్రజని పోతుంది. అందుకే ఒక చోట రెండు మూడు పంటలు తీసి, ఆ నేలను ఏళ్ళ తరబడి అడవికి వదిలేయాలి.

నిప్పు తెల్లదొరల ప్రభుత్వానికి నేరంగా కనిపించడం రైలు పట్టాల కింద వేసే దుంగల అవసరంతో మొదలైంది. మంట నుంచి అడవిని పూర్తిగా కాపాడాలన్న ప్రయత్నం 1864 ప్రాంతంలో మధ్య పరగణాల్లోని బోరి అడవిలో పియర్సన్ అనే అధికారి చేశాడు. అక్కడ ఫలించిందని మిగతా చోట్లకూ పాకింది. మన వైపు 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం నేరమైంది. పోడుకీ, పొరపాటున ఎగిరిన నిప్పురవ్వకీ, కావాలని చేసిన దహనానికీ తేడా తెలిసిన కొండవాడి లెక్క ఆ చట్టంలోకి ఎక్కలేదు.

అయితే ఆ శాఖవారిలోనే కొందరికి అనుమానం వచ్చింది. 1896లో బర్మాలో పనిచేసిన స్లేడ్ అనే అధికారి, నిప్పు నుంచి మితిమీరి కాపాడుతున్నామని అటవీ పత్రికలో రాశాడు. మంట లేనిచోట పొదలు కమ్ముకుని టేకు మొలకలకు వెలుతురు అందడం లేదని అక్కడివారు గమనించారు. రాలిన ఆకు ఏటా కొంచెం కాలకపోతే పేరుకుపోతుంది. ఎప్పుడో అంటుకున్ననాడు ఆ మంటను ఆపడం ఎవరి తరమూ కాదు. బర్మాలో ఈ వాదన అధికారుల మధ్య కాగితాల మీద నడిచింది. హిమాలయాల్లోని కుమావూలో జనమే జవాబు చెప్పారు. గడ్డి కోసం ఏటా చేసే దహనాన్ని నిషేధించి, అడవి మీద ఆంక్షలు బిగించిన ప్రభుత్వం మీద కోపంతో 1921 వేసవిలో అక్కడ సర్కారు పైన్ అడవులు తగలబడ్డాయి. విచారణ సంఘం వేసి, చాలా అడవి మీద ఆంక్షలు సడలించక తప్పలేదు ప్రభుత్వానికి.

మా ఊరి కథ మరో మలుపు తిరిగింది. పర్లాకిమిడి జమీందారీ 1936లో కొత్తగా ఏర్పడ్డ ఒడిశాలో చేరింది. జమీందారీ అడవులు 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత ప్రభుత్వం చేతికొచ్చాయి. రాష్ట్రం మారినా మద్రాసు అటవీ చట్టం మాత్రం 1972లో ఒడిశా తన చట్టం చేసుకునేదాకా మా వైపు అమల్లోనే ఉంది. భాష మారింది, కచేరీ మారింది, రాజధాని మారింది. కొండవాడి నిప్పు మీద చూపు ఒక్కటే మారలేదు.

ఇదే ఊళ్ళో మరో రకం చూపు కూడా ఉండేదని మనం మరవకూడదు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడి బడిలో పాఠాలు చెబుతూ సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్నారు. వారి సవర వ్యాకరణం 1931లోనూ, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. వాడుక భాష కోసం పోరాడిన మనిషిగానే ఆయన్ని తలుచుకుంటాం. కొండ మనిషి నోటి నుంచి వచ్చే మాటకు విలువ ఉందని నమ్మడం కూడా ఆ పోరాటంలో భాగమే. చట్టం రాసినవారికి ఆ ఓపిక ఉంటే కథ వేరుగా ఉండేదేమో.

పోడును నెత్తిన పెట్టుకోమని నేను అనడం లేదు. కామర్స్ చదివినవాణ్ణి, ఖాతా రెండు వైపులా చూడటం అలవాటు. జనం పెరిగి, అడవి తగ్గి, నేలకిచ్చే విరామం ఏళ్ళకేళ్ళు తరిగిపోయాక పోడు వాలుల్ని బోడి చేసింది, మట్టిని వాగుల పాలు చేసింది. ఇప్పపువ్వు కథా అంతే. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, అదే కాలంలో ఎండుటాకూ నేల కప్పేస్తుంది. పువ్వు కనబడాలని చెట్టు కింద ఆకు తగలబెడతారు. దగ్గరుండి ఆర్పితే ఫర్వాలేదు, వదిలేసి వెళ్తే కొండంతా అంటుకుంటుంది. చీపురుతో ఊడిస్తేనో, కింద వల పరిస్తేనో ఆ నిప్పు అవసరమే లేదు.

బ్యాంకు పని మీద కొండ పల్లెలకు తిరిగేటప్పుడు జీడితోటలకు అప్పులు ఇచ్చేవాళ్ళం. ఒకప్పటి పోడు వాలుల మీదే ఆ తోటలు. జీడిచెట్టు వచ్చాక నిప్పు అన్నం పెట్టే చెయ్యి కాదు, శత్రువైంది. ఒక సవర పెద్ద తన తోట చుట్టూ రెండు బారల వెడల్పున ఆకు గీకి నేల బయటపెట్టి ఉంచాడు. ఎందుకని అడిగితే చెప్పాడు: “మంట కొండ ఎక్కేటప్పుడు పరిగెడుతుంది బాబూ, దిగేటప్పుడు నడుస్తుంది. మేం పోడుకు పైనుంచి అంటించేవాళ్ళం. ఇప్పటి కుర్రాళ్ళకు అంటించడమూ రాదు, ఆపడమూ రాదు.” ఆయన చెప్పింది నిజం. వాలు మీద మంట పైకి వంగి ముందున్న తుప్పల్ని ముందే ఎండగట్టేస్తుంది. ఆ ఎరుక ఏ అప్పు పత్రంలోనూ, ఏ పథకం కాగితంలోనూ నాకు కనబడలేదు.

ఇప్పుడు మంటను ఆకాశం నుంచి చూస్తున్నాం. 2004 నుంచి దేశ అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటల కబురు రాష్ట్రాలకు పంపుతోంది. 2020 నవంబరు నుంచి 2021 జూన్ దాకా లెక్కిస్తే దేశంలో ఎక్కువ మంటలు ఒడిశాలోనే కనబడ్డాయి: 51,968. సిమిలిపాల్ తగలబడిన ఏడాది అదే. కబురు నిమిషాల్లో అందుతుంది, మంచిదే. కానీ కబురందుకుని కొండెక్కి, కొమ్మ విరిచి మంటను కొట్టేది మనిషే. ఆ మనిషికి గాలి వాటం, వాలు గుణం తెలిసి ఉండాలి.

ఇంట్లోనూ అదే లోటు. గ్యాసు పొయ్యి వచ్చి ఆడవాళ్ళ కళ్ళు పొగ నుంచి బాగుపడ్డాయి, ఆ రోజులు తిరిగి రావాలని ఎవరూ కోరరు. కానీ పొయ్యితో పాటు బూడిదా పోయింది, నిప్పు అంటే భయమూ మర్యాదా కలిసిన ఆ తెలివీ పోయింది. వేసవిలో రాలిన ఆకుల్ని మిట్టమధ్యాహ్నం గోడవార తగలబెట్టి లోపలికి పోయే ఇళ్ళు నేటి వీధుల్లో ఎన్ని లేవు? అదే ఆకును గోతిలో వేసి మట్టి కప్పితే మరో వేసవికి పాదులకు బూడిదను మించిన ఎరువు.

నిప్పును నిషేధిస్తే నిప్పు పోదు. దాన్ని అదుపులో ఉంచే తెలివి పోతుంది. నూట నలభై ఏళ్ళ అటవీ చట్టం చరిత్ర నాకు నేర్పింది ఇంతే. బళ్ళారిలో, హోసూరులో, చంద్రపూర్‌లో, యానాంలో ఉన్న మన పాఠకుల ఇళ్ళల్లోనూ వేసవి నిప్పుకు వేరే కట్టుబాట్లు, వేరే మాటలు ఉండి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే వాటిని అడిగి రాసి ఈ పత్రికకు పంపండి. ఈలోగా రోహిణి వస్తోంది, పాదులు తవ్వుకోవాలి.