మతం మారినవారికి ఎదురైన వ్యతిరేకత: తొలి తెలుగు క్రైస్తవ సంఘాల చరిత్ర

క్రైస్తవం పుచ్చుకున్నవారికి ఇంటి నుంచి, కులం నుంచి, ఊరి నుంచి, ఒక్కోసారి రాజ్యం నుంచి ఎదురైన నిర్బంధాల చరిత్ర ఆ మతమంత పాతది. తెలుగు నేలమీద దీనికి రెండు ముఖ్య ఘట్టాలు ఉన్నాయి. ఒకటి 1852లో మచిలీపట్నంలో నోబుల్ పాఠశాల విద్యార్థుల బాప్తిస్మం. రెండోది 1866 తర్వాత ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెల్లో సాగిన సామూహిక మతాంతరం. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. కొత్త దేవుణ్ణి కొలిచినందుకు వచ్చిన కోపం కంటే, ఆ కొలుపు వల్ల పొలం పనిలో, ఆస్తి పంపకంలో, పంక్తి భోజనంలో, చావు కర్మల్లో పడిన గండికి వచ్చిన కోపం ఎక్కువ. మనసులో ఉన్నంతకాలం సమాజం సహించిన నమ్మకమే, ఒక పని మాన్పించిన రోజున, ఒక చోటు ఖాళీ చేయించిన రోజున సహించరానిదైంది.

తొలి శతాబ్దాల పూర్వరంగం

కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు ఈ విషయంలో తొలి సాక్ష్యం. దమస్కులో మనసు మారిన సౌలును (తర్వాత పౌలుగా పేరుపొందినవాడు) చంపడానికి కుట్ర పన్నారనీ, శిష్యులు అతన్ని రాత్రివేళ గంపలో కూర్చోబెట్టి పట్టణపు గోడ మీదుగా దింపారనీ ఆ గ్రంథం చెబుతుంది. అదే అధ్యాయం మరో సంగతి కూడా చెబుతుంది. యెరూషలేములోని విశ్వాసులు సైతం అతన్ని నమ్మలేక దూరం పెట్టారు. బర్నబా వెంటబెట్టుకు వెళ్ళి పూచీ పడ్డాకే అతనికి సంఘంలో చోటు దొరికింది. అంటే మతం మారిన మనిషికి రెండు వైపులా గోడలే. ఆ గ్రంథంలోనే ఫిలిప్పీ, ఎఫెసు పట్టణాల అల్లర్లకు కారణం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసిపిల్ల వల్ల వచ్చే రాబడి పోయిందని ఆమె యజమానులు పౌలును అధికారుల ముందుకు ఈడ్చారు. ఎఫెసులో అర్తెమి దేవికి వెండి గుళ్ళు చేసి అమ్ముకునే దేమేత్రి అనే కంసాలి, తమ వృత్తి దెబ్బతింటుందని తోటి పనివారిని కూడగట్టాడు. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ పాలకుడు ప్లినీ ట్రాజన్ చక్రవర్తికి రాసిన లేఖ దీనికి బయటి సాక్ష్యం. గుళ్ళు దాదాపు పాడుపడ్డాయనీ, బలి మాంసం కొనేవారు కరువయ్యారనీ ఆయన రాశాడు. ఇంటి పోరుకు ఉదాహరణ 203లో కార్తేజిలో మరణశిక్ష పడిన పెర్పెటువ. చంటిబిడ్డ తల్లి అయిన ఆమెను మనసు మార్చుకొమ్మని కన్నతండ్రి చెరసాలకు వచ్చి పదేపదే బతిమాలాడు.

తెలుగు దేశంలో ఈ వాదానికి ఎదురు దిక్కు నుంచి బలమిచ్చే ఉదాహరణ 18వ శతాబ్దపు కతోలిక సంఘాలది. అప్పుడు వచ్చిన జెస్యూట్ పాదిరీలు కాషాయం కట్టి, మాంసం మాని, సన్యాసుల్లా బతికారు. వారి బోధ విని చేరిన రెడ్డి, కమ్మ కుటుంబాలు కులాచారాలనూ సేద్యాన్నీ పెళ్ళి సంబంధాలనూ ఉన్నవి ఉన్నట్టే నిలుపుకున్నాయి. ఆ కుటుంబాలకు కష్టాలు రాకపోలేదు. కానీ ఊరి పొందిక చెదరలేదు కనుక అవి భూములతో, పలుకుబడితో నిలిచాయి. అదే క్రైస్తవం, అదే బాప్తిస్మం. ఊరికి తగిలిన దెబ్బ మాత్రం వేరు.

మచిలీపట్నం: ఇంటి పోరు

మిషనరీ రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో పెట్టిన పాఠశాల ముఖ్యంగా పైకులాల పిల్లల కోసం నడిచింది. అక్కడ రోజూ బైబిలు పాఠం ఉండేది. ఆ సంగతి తల్లిదండ్రులందరికీ తెలుసు. ఇంగ్లీషు చదువు వస్తే కచేరీలో ఉద్యోగం దొరుకుతుందని పిల్లల్ని పంపారు. తొమ్మిదేళ్ళ పాటు ఆ పాఠం ఎవరికీ అడ్డం కాలేదు. 1852లో మంచాల రత్నం అనే బ్రాహ్మణ యువకుడు, ఐనాల భూషణం అనే వెలమ యువకుడు ఇల్లు విడిచి నోబుల్ బంగళాకు చేరి బాప్తిస్మం పొందారు. పట్నం అట్టుడికింది. బంగళా చుట్టూ జనం మూగారు, బడి ఖాళీ అయింది. తొమ్మిదేళ్ళు వినిపించిన బోధలో ఆ రోజు మారిందేమీ లేదు. ఇద్దరు కొడుకులు మాత్రం ఇంటి పంక్తి నుంచి లేచిపోయారు.

ఆ కుటుంబాల బాధను తేలిగ్గా తీసిపారేయడం న్యాయం కాదు. అప్పటి హిందూ కుటుంబంలో కొడుకు అంటే పిండం పెట్టేవాడు, ఆస్తిలో పాలివాడు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళకు పరువు. అతను వెలిపడితే ఇంటిల్లిపాదికీ వెలి భయం. తల్లిదండ్రులు పడ్డ ఆవేదన నిజమైనది. ఇప్పుడు ఆ ఇద్దరి వైపు నుంచి చూస్తే, చదువుకున్న వయసు వచ్చిన యువకుడు తన ఆరాధనను తాను ఎంచుకున్నందుకు ఇంటిని శాశ్వతంగా వదులుకోవలసి వచ్చింది. ఇద్దరూ తర్వాత పాదిరీలుగా అభిషేకం పొంది అదే ప్రాంతంలో పనిచేశారు. కొంతకాలానికి బడి కూడా మళ్ళీ నిండింది. కచేరీ ఉద్యోగాల అవసరం తీరలేదు కనుక పిల్లలు తిరిగి వచ్చారన్నది సులభంగా ఊహించదగ్గ విషయం.

ఆస్తి తగాదా, 1850 చట్టం

మతాంతరం తర్వాతి తగాదాలో ఆస్తికి ఎంత పాలు ఉందో చట్టాలే చెబుతాయి. 1850లో వచ్చిన 21వ చట్టం, మతం వదిలినందుకు గానీ కులం నుంచి వెలిపడినందుకు గానీ ఎవరూ ఆస్తి హక్కునూ వారసత్వాన్నీ కోల్పోరని ప్రకటించింది. 1866లో వచ్చిన మరో చట్టం, భార్య లేదా భర్త మతం మారిన కారణంగా రెండోవారు కాపురానికి రానప్పుడు ఆ పెళ్ళిని కోర్టు ద్వారా రద్దు చేసుకునే దారి చూపింది. ఆస్తి పోవడం, కాపురం పోవడం అరుదైన సంగతులైతే ఇలాంటి చట్టాల అవసరమే వచ్చేది కాదు.

వేధింపుల కథలన్నీ మిషనరీలు రాసుకున్నవే, విరాళాల కోసం పెంచి చెప్పారు అని ఒక ఆక్షేపణ ఉంది. మిషనరీ నివేదికలను జాగ్రత్తగా చదవాలన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ ఎదుటి పక్షం కూడా తన మాట బాహాటంగానే చెప్పింది. మద్రాసులో 'క్రెసెంట్' పత్రిక నడిపి, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించిన తెలుగు వర్తక ప్రముఖుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి, మతం మారినవారికి వారసత్వం ఇవ్వడాన్ని గట్టిగా ఎదిరించాడు. హిందూ కుటుంబంలో ఆస్తి కర్మకాండతో ముడిపడి ఉందనీ, కర్మ చేయనివాడికి ఆస్తి ఇవ్వడం ధర్మవిరుద్ధమనీ ఆ పక్షం వాదించింది. బోధను ప్రభుత్వం బలపరుస్తోందన్న ఆయన ఆందోళనలోనూ న్యాయం ఉంది. ఆ వాదం మొత్తంలో తగాదా నడిచింది మాత్రం పాలు గురించీ పిండం గురించీ. మిషనరీ రాసినదీ, మిషనరీని ఎదిరించినవాడు రాసినదీ ఒకే చోటికి చేరుతున్నాయి.

ఒంగోలు: ఊరి వెలి

ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసే మాదిగ. ఊరు తాళ్లకొండపాడు. క్రైస్తవానికి ముందు యోగ మార్గంలో గురుత్వం పొందిన సాధకుడు. 1866లో బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర చేత ఒంగోలులో బాప్తిస్మం పొందాడు. అదే ఏడాది ఒంగోలు వచ్చిన మరో మిషనరీ జాన్ క్లౌ, 1867 జనవరిలో పేరయ్య ఊరికి వెళ్ళి అతని వాళ్ళు 28 మందికి బాప్తిస్మం ఇచ్చాడు. క్లౌకు ఎదురైన మొదటి వ్యతిరేకత పట్నం నుంచే వచ్చింది. ఆయన బడిలో చదివే బ్రాహ్మణ తదితర కులాల పిల్లలు, మాదిగలను సంఘంలో చేర్చుకుంటే మానేస్తామన్నారు. ఆయన చేర్చుకున్నాడు, వారు మానేశారు. ఇక్కడ కూడా అభ్యంతరం బైబిలు మీద రాలేదు, పక్కన కూర్చోవడం మీద వచ్చింది.

పల్లెల్లో వ్యతిరేకత మరింత కటువుగా నడిచింది. కొత్తగా చేరినవారికి క్లౌ మూడు నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఊరి ఏర్పాటులో మాదిగ పాత్ర ఏమిటో చూస్తే వీటి బరువు అర్థమవుతుంది. చచ్చిన పశువును ఊరి నుంచి మోసుకుపోయేదీ, దాని తోలు ఊనేదీ, ఆ తోలుతో రైతుకు చెప్పులు కుట్టి, మోట తోలడానికి బాన కట్టి ఇచ్చేదీ మాదిగే. పోలేరమ్మ జాతరలో డప్పు కొట్టేదీ అతనే. కోతల కాలంలో పిలిచిన వెంటనే పొలానికి దిగవలసిందీ అతనే. ప్రతిఫలంగా కళ్లం దగ్గర గింజల మేర దక్కేది. ఇప్పుడు డప్పు లేకుండా జాతర ఎలా నడుస్తుంది? పంట చేతికొచ్చిన వేళ ఏడింట ఒక రోజు చేతులు కట్టుకుంటే రైతు ఎలా ఊరుకుంటాడు? గొడవలు ముఖ్యంగా ఈ డప్పు దగ్గరా, ఆదివారం దగ్గరా రాజుకున్నాయి. చచ్చిన గొడ్డు మాంసం మానేస్తే మాత్రం రైతుకు పోయేదేమీ లేదు. మూడు నియమాలూ ఒకే మతానివైనా, ఊరి కోపం అన్నిటి మీదా సమంగా పడకపోవడం గమనించాలి.

కరణం, మునసబు, పెద్దరైతు ఒక్క మాట మీద నిలబడితే పల్లె బతుకు స్తంభించేది. పనికి పిలుపు ఆగేది, అంగడిలో సరుకు పుట్టేది కాదు, నీళ్ళకు దారి మూసేవారు, తప్పుడు ఫిర్యాదులు పెట్టేవారు. దీనికి ఆ పల్లెలు ఇచ్చిన జవాబు ఊరు విడిచి పోవడం కాలేదు. బంధువర్గం మొత్తం కలిసి చేరడం వల్ల వెలి వేసినా ఒంటరితనం లేదు; ఊళ్ళోనే ఉండటం వల్ల రైతుకు వారి చేతులు లేకుండా గడవలేదు. కొత్త విశ్వాసులు సొంత ఊళ్ళోనే, సొంత కష్టంతోనే బతకాలని క్లౌ పట్టుబట్టాడు. మచిలీపట్నం యువకుడు ఇల్లు వదిలితే గానీ విశ్వాసం నిలుపుకోలేకపోయాడు. ఒంగోలు మాదిగ వాడకట్టుతో సహా నిలబడ్డాడు.

కరువు ప్రశ్న

ఇదంతా అన్నం కోసం జరిగిందనేది బలమైన ఆక్షేపణ. తెలుగువారు ధాత కరువుగా గుర్తుంచుకున్న 1876–78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. కరువు తీరాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంవత్సరం మొత్తం మీద ఆ సంఖ్య తొమ్మిది వేలు దాటింది. కాలువ గట్టున పుట్టిన కృతజ్ఞత ఇందులో లేదనడం అమాయకత్వం. అయితే కరువు పని నడిచినంత కాలం, ఏడాదికి పైగా, క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పేరయ్యతో మొదలైన ఉద్యమం కరువుకు పదేళ్ళ ముందుది. అన్నిటికంటే ముఖ్యం, బాప్తిస్మం తర్వాత వారికి దక్కింది కూలి నష్టం, ఊరి కక్ష. కొందరు వెనక్కి పోయారు, చాలామంది పోలేదు. చేరడానికి గల కారణాన్ని అన్నం వివరించవచ్చు. అన్నం పోతున్నా నిలిచి ఉండటాన్ని అది వివరించలేదు. ఆ నిలకడకు మూలం గౌరవం మీద పుట్టిన ఆశ అనుకోవడమే న్యాయం.

సంఘం లోపలి గోడ

యెరూషలేములో సౌలుకు ఎదురైన అనుమానం తెలుగు సంఘాల్లో కులం రూపంలో కనిపించింది. ఒంగోలు బాప్టిస్టు సంఘాలు ప్రధానంగా మాదిగలవి అయ్యాయి, కృష్ణా గుంటూరు ప్రాంతాల ఆంగ్లికన్, లూథరన్ సంఘాలు ప్రధానంగా మాలలవి అయ్యాయి. ఒకే ప్రభువు బల్ల దగ్గరికి వేర్వేరు వాడల నుంచి వచ్చారు, పెళ్ళి సంబంధాలు మాత్రం వాడ దాటలేదు. రాజ్యం కూడా దీన్ని రెండు విధాలుగా గుర్తించింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉండడు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మాత్రం అతన్ని బీసీ-సి వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చింది. మతం మారినా కులపు దెబ్బ తప్పలేదని ఒప్పుకుంటూనే, మారినందుకు రక్షణ తగ్గించడం ఇందులోని వైరుధ్యం.

ఛత్తీస్‌గఢ్: బిస్రాంపూర్ నుంచి జాముల్ దాకా

ఛత్తీస్‌గఢ్ చరిత్ర ఇదే వాదానికి మరో పరీక్ష. 1868లో మిషనరీ ఆస్కర్ లోర్ రాయపూర్ ప్రాంతంలో బిస్రాంపూర్ మిషను స్థాపించాడు. మొదట ఆదరించిన సత్నామీ శాఖ దళితులు తొలి బాప్తిస్మాల తర్వాత ముఖం తిప్పుకున్నారు. అక్కడ మిషనే భూస్వామి కావడంతో కొత్త క్రైస్తవులకు ఆశ్రయం దొరికింది, కానీ వారి ఆధారం ఒక యజమాని నుంచి మరో యజమానికి మారింది. ఒంగోలు సంఘానికి ఉన్న సొంత ఊరి బలం వారికి లేదు. తర్వాతి కాలంలో వ్యతిరేకత చట్టరూపం దాల్చింది. రాయగఢ్ సంస్థానం 1936లో, ఆ తర్వాత సర్గుజా సంస్థానం మతాంతర నియంత్రణ చట్టాలు చేశాయి. 1968లో మధ్యప్రదేశ్ చేసిన చట్టాన్ని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

ఇదే ప్రాంతంలో 1955లో సోవియట్ సహకారంతో తలపెట్టిన భిలాయి ఉక్కు కర్మాగారం, దాని పక్కన జాముల్‌లో వెలసిన సిమెంటు కర్మాగారం ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలను రప్పించాయి. కార్మికుడి జీతం కళ్లం దగ్గరి మేర మీద ఆధారపడదు. 1867లో తాళ్లకొండపాడు మాదిగ పోరాడి తెచ్చుకోవలసిన ఆదివారం, 1948 ఫ్యాక్టరీల చట్టం కింద కార్మికుడికి వారపు సెలవు హక్కయింది. మరి కూలి తగాదా పోయిన చోట వ్యతిరేకత ఎందుకు పోలేదని అడగవచ్చు. పంచుకోవలసిన వస్తువు మారింది కనుక. ఇప్పుడు తగాదా జనాభా లెక్క మీద, కుల ధ్రువపత్రం మీద, శ్మశానం మీద నడుస్తోంది. 2025 జనవరిలో బస్తర్ జిల్లాలోని ఒక గ్రామంలో చనిపోయిన పాస్టరును సొంత ఊళ్ళో పూడ్చనివ్వలేదు. దేహం దాదాపు ఇరవై రోజులు శవాగారంలో ఉండిపోయింది. సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలు వేరుపడి, చివరికి వేరే ఊళ్ళోని క్రైస్తవ శ్మశానంలో ఖననానికి ఆదేశం వచ్చింది.

ఎఫెసు కంసాలి నుంచి బస్తర్ శ్మశానం దాకా వ్యతిరేకత తన కారణాలను దేవుడి పేరుతో చెప్పుకున్నా, అది పట్టుకున్నవి కూలి, నీళ్ళు, ఆస్తి, పంక్తి, సమాధి. అందుకే మత స్వేచ్ఛ అంటే బోధించే హక్కు, నమ్మే హక్కు అని మాత్రమే అనుకుంటే సగం మాటే అవుతుంది. నమ్మకం మార్చుకున్న మనిషికి అదే ఊళ్ళో అదే కూలి, అదే బావి, అదే వాటా, అదే ఆరడుగుల నేల మిగిలి ఉన్నప్పుడే అది స్వేచ్ఛ. పేరయ్య తరం చట్టం అండ పెద్దగా లేకుండా ఊళ్ళోనే నిలబడి దాన్ని సాధించుకోవలసి వచ్చింది. రాజ్యాంగం ఉన్న దేశంలో ఆ భారం మళ్ళీ బాధితుడి మీదే పడకూడదు.