దాత డబ్బు, గ్రంథాలయం ఎంపిక

1812లో పుట్టిన మద్రాసు లిటరరీ సొసైటీ పాత పుస్తకాలను దత్తతకిస్తోంది. శిథిలమైన పుస్తకం మరమ్మతు ఖర్చు దాత భరిస్తాడు, పుస్తకం మాత్రం గ్రంథాలయంలోనే ఉంటుంది. ఈ సంస్థకూ తెలుగుకూ ఉన్న బంధం తెలిసినవారికి ఈ పద్ధతి పూర్తిగా కొత్తదనిపించదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తన జీతం డబ్బుతో పండితులనూ లేఖకులనూ పోషించాడు. ఒకే కావ్యానికి దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టించి, పాఠభేదాలు చూపించి, కాగితం మీద శుద్ధప్రతులు రాయించాడు. అందుకు అప్పులపాలయ్యాడు కూడా. 1840ల్లో ఆ సేకరణను ఈ సొసైటీకే అప్పగించాడు. తర్వాత అది మద్రాసు ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరింది.

బ్రౌన్ చేసిన మేలు డబ్బు ఖర్చుపెట్టడంతో ఆగలేదు. ఆ రోజుల్లో పండితులు చిన్నచూపు చూసిన వేమన పద్యాలను ఏరికోరి సేకరించి, 1829లో అచ్చు వేయించాడు. పేరున్న గ్రంథాలకే ఖర్చుపెట్టి ఉంటే వేమన అలా అచ్చెక్కేవాడు కాదు. నేటి దాతల చూపు సహజంగా అన్నిటికన్నా పాత పుస్తకం మీదకో, పేరుమోసిన రచయిత మీదకో పోతుంది. కాగితం సంగతి తెలిస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. గుడ్డపీలికల గుజ్జుతో చేసిన పదిహేడో శతాబ్దపు కాగితం చాలాచోట్ల ఇప్పటికీ వంచితే వంగుతుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో వ్యాపించిన చెక్కగుజ్జు కాగితం తనలోని ఆమ్లానికే పసుపెక్కి, మూల మడిస్తే పుటుక్కున విరుగుతుంది. మన తొలి పత్రికలూ చవక ముద్రణలూ ఎక్కువగా ఈ కాలానివే. అలాంటి పుస్తకం కుట్టు విప్పి, ఆకు ఆకుకూ ఆమ్లం తీసి, చిరుగులకు పల్చని జపాన్ కాగితాన్ని గోధుమ గంజితో అంటించి, మళ్లీ కుట్టాలి. అంతకుముందు ఎవరో అభిమానంతో వేసిన సెలోటేపు మరకలు వదిలించడమే పెద్ద పని.

స్కాన్ చేస్తే సరిపోదా అని కొందరంటారు. స్కాన్ అవసరమే. కానీ తెరిస్తే రాలిపోయే పుస్తకాన్ని ముందు బాగుచేయకుండా స్కాన్ చేయడం కష్టం. పైగా కుట్టు, కాగితం, నీటిగుర్తు చెప్పే సాక్ష్యం తెరమీదకు పూర్తిగా రాదు. ఇది ప్రభుత్వం పని కదా అన్న ప్రశ్నా న్యాయమైనదే. అయితే నిధులు వచ్చేదాకా ఆమ్లం ఆగదు. దాత ఇచ్చాడు కదా అని ప్రభుత్వం తప్పుకోవడానికీ వీల్లేదు. మరి బ్రౌన్ తానే ఎంచుకున్నాడు కదా, నేటి దాత ఎంచుకుంటే తప్పేమిటి? బ్రౌన్ ఏళ్ల తరబడి ఆ ప్రతుల మధ్యే కూర్చున్నవాడు. నేటి దాత చేతికి వచ్చేది ఒక జాబితా. ఏ పుస్తకం కొనవూపిరితో ఉందో బాగుచేసే పనివాడికీ గ్రంథపాలకుడికీ తెలిసినంతగా అతనికి తెలియదు.

హైదరాబాదులో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు మనకూ ఉన్నాయి. అలాంటి చోట పాత పుస్తకాల కోసం డబ్బిచ్చేటప్పుడు మీకు నచ్చిన పేరు అడగకండి. ముందుగా పోయేలా ఉన్నదేదో అడిగి, దానికివ్వండి.