మారుతి 800 టైమింగ్ బెల్టు మార్పిడి

కారు ఇంజనులో క్రాంకు షాఫ్టు యొక్క భ్రమణాన్ని క్యాము షాఫ్టుకు అందించే పళ్ళ రబ్బరు పట్టీని టైమింగ్ బెల్టు అంటారు. క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యాము షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. వాల్వులు తెరుచుకొనే, మూసుకొనే వేళలు ఈ పొంతనపైనే ఆధారపడి ఉంటాయి.

1983 నుండి 2014 వరకు భారతదేశంలో తయారైన మారుతి 800 కారులో 796 ఘన సెంటీమీటర్ల, మూడు సిలిండర్ల ఇంజను అడ్డంగా అమర్చబడినది. బెల్టు ఉండే కొస బాడీకి ఆనుకొని ఉండుట వలన పానా తిప్పడానికి చోటు చాలదు. పని కష్టమనిపించడానికి ముఖ్య కారణం ఇదే.

ఆదోని - ఎమ్మిగనూరు ప్రాంతము

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఆదోని ప్రత్తి వ్యాపారానికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందాయి. రెంటినీ 167వ జాతీయ రహదారి కలుపుతున్నది. ఆల్టర్నేటరు బెల్టు తెగితే ఇంజను కొంతసేపైనా తిరుగుతుంది. టైమింగ్ బెల్టు తెగితే తక్షణమే ఆగిపోతుంది, దారిలో బాగుచేయడం దాదాపు అసాధ్యం. కొన్ని రకాల ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి కూడా.

ఇంటివద్ద పని చేసేటపుడు నేలను ముందు చూడవలెను. ఇక్కడి నల్లరేగడి మన్ను తడిసినచో జాకీ దిగబడుతుంది. నాపరాయి పలక బరువుకు పగలవచ్చు. జాకీ క్రింద మందపాటి చెక్క వేసి, కారును స్టాండుపై నిలపాలి. ఇటుకలు పేర్చడం ప్రాణాపాయం.

విధానము

ఇంజను చల్లారిన తరువాత బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి, బెల్టు వైపున్న ముందు చక్రాన్ని తీస్తారు. ఆల్టర్నేటరు బెల్టు, క్రాంకు పుల్లీ, పై మూత వరుసగా వస్తాయి. పాత బెల్టును వదులు చేయకముందే రెండు పళ్ళచక్రాలపై గల గుర్తులను వాటి ఎదుటి గీతలకు సరిపెట్టాలి. తొందరలో ఎక్కువమంది దాటవేసేది ఈ మెట్టునే. ఒక్క పన్ను తేడా వచ్చినా ఇంజను బలం తగ్గుతుంది, స్టార్టు కావడం కష్టమవుతుంది.

కొత్త బెల్టు తొడిగి, టెన్షనరును బిగించిన పిమ్మట క్రాంకు షాఫ్టును పానాతో రెండు పూర్తి చుట్లు చేతితోనే తిప్పాలి. గుర్తులు మరల కలిస్తేనే మూత వేయాలి. మధ్యలో గట్టిగా అడ్డుపడితే బలవంతం చేయరాదు.

బెల్టు వద్ద నూనె తడి కనిపిస్తే ఆయిల్ సీలును కూడా అప్పుడే మార్చడం మేలు. నూనె తగిలిన రబ్బరు త్వరగా పాడవుతుంది, సీలు కోసం మళ్ళీ ఇదంతా విప్పవలసి వస్తుంది.