కిటికీ తెరకూ దీపానికీ ఒకటే లెక్క

ఇంగ్లండ్ ఉత్తరాన నార్తంబర్లండ్ కొండల్లో క్రాగ్‌సైడ్ అనే భవంతి ఉంది. ఫిరంగులూ, నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లూ తయారుచేసి బాగా గడించిన విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1863లో విడిది కోసం మొదలుపెట్టిన చిన్న ఇల్లు అది. 1869 నుంచి నార్మన్ షా అనే వాస్తుశిల్పి దాన్ని పెంచుకుంటూ పోయాడు.

1878లో ఆర్మ్‌స్ట్రాంగ్ నీటి బలంతో డైనమో తిప్పించి, తన చిత్రశాలలో ఆర్క్ దీపం వెలిగించాడు. దాని వెలుగు కళ్లలో గుచ్చుకునేది, ఇంటికి పనికొచ్చేది కాదు. 1880 చివర్లో జోసెఫ్ స్వాన్ తయారుచేసిన బల్బులు వచ్చాక పని సుళువైంది. మొత్తం 45 దీపాలు, ఒకేసారి వెలిగేవి మాత్రం 37. ఒక గదిలోవి ఆర్పితే ఇంకో గదిలోవి వెలిగించుకోవచ్చు.

గ్రంథాలయంలో దీపాలు పెట్టిన కూజాల సంగతి మరీ చిత్రం. ఎనామెల్ కింద ఉన్నది రాగి కాబట్టి కూజా ఒళ్లే కరెంటు తిరిగిపోయే తీగగా పనిచేసేది. దాని అడుగు నుంచి పొడుచుకొచ్చిన తీగ కొస పీటలోని చిన్న పాదరసపు గిన్నెలో మునిగితే దీపం వెలిగేది. కూజా ఎత్తితే ఆరిపోయేది. ఇవాళ ఏ ఎలక్ట్రీషియనూ ఇలాంటి పనికి ఒప్పుకోడు!

అప్పటికి ఊళ్లలో డబ్బున్న ఇళ్లకు గ్యాసు దీపాలే గొప్ప. అవి గదిని వేడెక్కించి, మసితో పైకప్పునూ పరదాలనూ నల్లబరిచేవి. బల్బుకు ఆ బాధ లేదు. కానీ బట్టకు అసలు శత్రువు మసి కాదు, ఎండ. పాత ఇళ్ల వాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. జార్జియన్ కాలపు కిటికీలకు గోడలోకి మడిచిపెట్టే చెక్క రెక్కలుండేవి. పలకల వెనీషియన్ బ్లైండ్‌కు ఎడ్వర్డ్ బెవన్ 1769లో లండన్‌లో పేటెంటు తీసుకున్నాడు. చుట్టి పైకి లేపే నార బట్ట తెరలూ ఉండేవి. వాడకం లేని గదుల్లో తెర దించి ఉంచడం పనివాళ్ల దినచర్య.

క్రాగ్‌సైడ్ 1977లో పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. అలాంటి ఇళ్లు చూడవచ్చినవాళ్లు “ఇంత చీకటేమిటి?” అని విసుక్కుంటారు. దానికి లెక్క ఉంది. సున్నితమైన బట్టలకు, నీటిరంగు చిత్రాలకు మ్యూజియంవాళ్లు పెట్టుకున్న హద్దు 50 లక్స్ (లక్స్ అంటే పడే వెలుగుకు కొలత). నడినెత్తి ఎండ లక్ష లక్స్ ఉంటుంది. పోయిన రంగు తిరిగి రాదు, పడ్డ వెలుగంతా ఖాతాలో జమవుతుంది. ఆ లెక్కన ఒక గంట నేరుగా పడే ఎండ, 50 లక్స్ కింద రెండువేల గంటలతో సమానం. అందుకే గాజుకు అతినీల కిరణాలను ఆపే పొర అంటించి, దానిపైన తెర దించుతారు. నీలి ఉన్ని తునకలున్న అట్ట ముక్కను గదిలో పెట్టి, అది ఎంత వెలిసిందో చూసి నష్టం అంచనా వేస్తారు.

పాత ఇంటికి దీపాలు మార్చేవాళ్లు బల్బు ఎంపిక దగ్గరే చాలాసేపు ఆగిపోతారు. నన్నడిగితే మొదట కొలవాల్సింది కిటికీనే. ఎల్ఈడీలో అతినీల కిరణాలు దాదాపు ఉండవు, దాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆర్పుకోవచ్చు. సూర్యుడికి స్విచ్ లేదు. క్రాగ్‌సైడ్ సంగతే చూడండి, 2014లో అక్కడి చెరువు దగ్గర నీటితో తిరిగి కరెంటు పుట్టించే 17 మీటర్ల ఆర్కిమెడీస్ మర బిగించారు. ఇంటి దీపాలకు మళ్లీ ఆ కొండ నీళ్లే కరెంటిస్తున్నాయి, కిటికీ తెరలు మాత్రం చేత్తో దించాల్సిందే.