అక్రోటు బీరువాలు, కంసాలి ఉలి

నెల్లూరు తీరమున దుగరాజపట్నము చెంత ఆంగ్ల వర్తకులు ఆర్మగాను అను పేర స్థావరము నెలకొల్పిన 1626వ సంవత్సరమునకు ఈ యేట నాలుగు శతాబ్దములు. పదమూడేండ్లకే అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే దక్షిణమునకు పోయి చెన్నపట్టణమునకు చోటు సంపాదించుటతో ఈ రేవు వెనుకబడెను. కోటల గాథలు, కౌలుల గాథలు వ్రాయువారు పెక్కురున్నారు గనుక, ఆ దొరల గృహోపకరణముల ముచ్చట నేను చెప్పెదను.

ఆర్మగాను నాటికి ఇంగ్లండులోనే సొరుగుల బీరువా పూర్తిగ రూపు దాల్చలేదు. మూత యెత్తి అడుగుదాక చేయిపెట్టి దేవుకొను పెట్టెలే అధికము. 1660 తరువాత అక్రోటు కొయ్య రాజ్యమేలినది. నిజమునకు అక్రోటు బీరువా ఆసాంతము అక్రోటు కాదు: లోన ఓకో మరియొక చవుక కొయ్యయో, పైన రంపముతో పలుచగ చీరి, చర్మము కాచిన బంకతో అతికించిన అక్రోటు రేకు. ఒకే మొద్దునుండి వరుసగ చీరిన రేకులను పుస్తకము విప్పినట్లు పరచి, ఈనెలను ఎదురెదురుగ కూర్చుట వారి విద్యలో శిఖరము. 1709 నాటి ఘోరశీతము ఐరోపాలో ఆ వృక్షములను మాడ్చివేయగా, 1720లో ఫ్రాన్సు అక్రోటు కలప యెగుమతిని నిషేధింపగా, మహాగని గద్దె యెక్కెను.

నాకు ప్రియమైనది మాత్రము విశాఖపట్టణపు కంసాలుల కథ. వారు దొరల బీరువాలను, వ్రాతబల్లలను మాదిరిగ ముందుంచుకొని, ఇరుగుడు, టేకు కొయ్యలలో తీగెయు పూవును పట్టునంత గాడి తొలిచి, అంతే కొలతకు కోసిన దంతపు ముక్కను అందు బిగించి, దానిపై సన్నని మొనతో ఆకుల ఈనెలు గీసి, వేడి నల్లలక్క పూసి, ఆరినపిదప గీకి మెరుగుపెట్టెడివారు. లక్క గీతలలో మాత్రమే మిగిలి, తెల్లని దంతముపై నల్లని లత తేలును. ఉప్పుగాలికి బంక వదలి రేకులు లేచు మన తీరమున ఈ పొదుగుపనియే మేలని నా తీర్పు. కాలక్రమమున వారును చందనపు కొయ్యకు దంతపు రేకులు తాపిరనుట వేరు సంగతి. మద్రాసు గవర్నరుగ చేసిన అలెగ్జాండరు వించి సామగ్రి 1781లో వేలమునకు రాగా, అందలి దంతపు కుర్చీలను మూడవ జార్జి రాజు తన రాణి షార్లెటు కొరకు కొనెను. అవి నేటికిని ఆ రాజకుటుంబపు సేకరణలోనే యున్నవి.

ఇటీవలి కథకు తలాతోకా లేదు. ఏనుగుల రక్షణకై మన దేశము దంత వ్యాపారమును నిషేధించినది, న్యాయమే. బ్రిటనులోను 2022 నుండి, కొలది మినహాయింపులు తప్ప, దంతపు వస్తువులు అమ్మరాదు. బజారులో ప్లైవుడ్డుపై అక్రోటు ఈనెల బొమ్మ అచ్చువేసిన కాగితము అంటించి అమ్ముచున్నారు. నెల్లూరు జిల్లాలో చేతి కొయ్యపని చూడగోరువారు ఉదయగిరికి పోవలెను. అచట కొండకొయ్యతో చెక్కుచున్నవి బీరువాలు కావు, గరిటెలు, చెంచాలు.

మీ యింట తాతలనాటి సొరుగుల బీరువా యున్నచో, వార్నీషు పూయింపక మునుపు ఒక సొరుగు వెలికిలాగి మూలల అతుకులు చూడుడు. పంటికి పంటికి కొలతలో తేడాయు, చేతిరంపపు గీతలును కనబడినయెడల, దానిని పాతసామానులవానికి మాత్రము అప్పగింపకుడు.