పేడ బురదలో రబ్బరు బూట్లు

పేడ, మూత్రం, వాననీరు కలిసిన కొట్టం బురదలో తోలు జోడు ఎక్కువకాలం నిలవదు. నానితే మెత్తబడుతుంది, ఆరితే బిగుసుకుపోతుంది, కుట్లు విడిపోతాయి. ఐరోపా రైతులు తరతరాలుగా కొయ్యజోళ్లు తొడిగింది ఇందుకే. ఫ్రాన్స్‌లో వాటిని సాబో అంటారు. ఆవు తొక్కినా వేళ్లు నలగవు. అయితే చీలమండ దాటిన బురద లోపలికి రాక మానదు.

బురద బూటుకు ఇంగ్లండులో ఉన్న 'వెల్లింగ్టన్' అనే పేరు మొదట తోలు బూటుది. 19వ శతాబ్దం తొలినాళ్లలో వెల్లింగ్టన్ డ్యూక్ ఆర్థర్ వెల్లెస్లీ, లండన్‌లో తనకు బూట్లు కుట్టే హోబీ చేత నాటి సైనిక బూటును కాలికి అతుక్కునేలా దూడతోలుతో మార్పించుకున్నాడు. 1799లో శ్రీరంగపట్నం మీదికి నిజాం సేనతో కలిసి నడిచిన వెల్లెస్లీయే ఈయన. ఆ బూటు షోకిలాల కాళ్లకు చేరింది గానీ కొట్టం గుమ్మం తొక్కలేదు.

రైతుకు పనికొచ్చే బూటు రబ్బరుతో వచ్చింది, అదీ ఆలస్యంగా. బ్రెజిల్‌లో అచ్చులను రబ్బరు పాలలో ముంచి, పొగ పట్టించి చేసిన జోళ్లు 1820లలోనే అమెరికాకు చేరాయి. చలికి బిర్రబిగిసి, ఎండకు జిగురై, అవి కొన్నవారిని విసిగించాయి. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టి, 1844లో పేటెంటు పొందాడు. ఆ పద్ధతితో హైరమ్ హచిన్సన్ అనే అమెరికన్ 1853లో ఫ్రాన్స్‌లో ఫ్యాక్టరీ పెట్టాడు. సాబోలు తొడిగే రైతులు ఎక్కువగా ఉన్న దేశంలో నీరు చొరని బూటుకు గిరాకీ వెతుక్కోనక్కర్లేదు.

తయారీ మాత్రం చేతిపనే. పాదం ఆకారపు అచ్చుకు గుడ్డ లోపొర తొడిగి, దానిమీద పచ్చి రబ్బరు ముక్కలు ఒక్కొక్కటే అతికి, కీళ్లను రోలరుతో నొక్కి, అచ్చుతో సహా పొయ్యిలో ఉడికించేవారు. ఎక్కడైనా గాలి బుడగ మిగిలితే బూటు అక్కడే పగిలేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల నీళ్లలో నానిన సైనికుల పాదాలు కుళ్లసాగాయి. ఎడిన్‌బరోలోని నార్త్ బ్రిటిష్ రబ్బర్ కంపెనీ సైన్యానికి దాదాపు 12 లక్షల జతలు అందించింది. ఇన్ని జతలు చేసే యంత్రాంగం యుద్ధం ముగిశాక పొలాల వైపు చూడక తప్పలేదు.

అప్పటినుంచి ఎంపిక పనిని బట్టి మారింది. మోకాలిదాకా ఉన్న బూటు లోతైన బురదకు మంచిదే గానీ, కొండల మీద గొర్రెల వెంట నడిచేవారి పిక్కలను ఒరుసుకుంటుంది. న్యూజిలాండ్‌లో 1958లో వచ్చిన పొట్టి 'రెడ్ బ్యాండ్' బూటు అక్కడి రైతులకు నప్పింది అందుకే. పాడి కొట్టంలో చిక్కు వేరు. పాలలోని కొవ్వు సహజ రబ్బరును మెల్లగా పాడుచేస్తుంది. ఆ దెబ్బకు తట్టుకునే పీవీసీ చవక, కానీ చలికి బిర్రెక్కుతుంది. లోపల గాలి బుడగలుండే పాలీయురిథేన్ తేలిక, వెచ్చన, ధర మాత్రం ఎక్కువ.

2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి చెలరేగి, 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చినప్పుడు బూటు మరో పరీక్షకు నిలబడింది. పొలాల గేట్ల దగ్గర మందునీటి తొట్లు వెలిశాయి. తొట్టిలో కాలు ముంచితే చాలదు. అడుగు గాళ్లలో ఇరుక్కున్న పేడ మందును లోపలికి పోనివ్వదు. ముందు బ్రష్షుతో రుద్ది కడగాలి, తర్వాతే ముంచాలి. గాళ్లు లోతుగా ఉంటే జారదు, అయితే కడగడం అంత సులువు కాదు. కొట్టంలో పనిచేసేవారు ఈ రెండింటిలో ఒకదానికి కొంత రాజీపడక తప్పదు.